రాజేశమన్న రిపోర్టులో నేను దాచిన మాట

2022 వానాకాలం. సిరిసిల్లలో నేను కలెక్షన్ సెంటర్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. కలెక్షన్ సెంటర్ అంటే పూర్తి ల్యాబ్ కాదు. షుగరు, హిమోగ్లోబిన్ వంటి చిన్న పరీక్షలు అక్కడే చేస్తాం. పెద్ద పరీక్షలకు రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన సీరంను వేరు చేసి, ఐసు పెట్టెలో హైదరాబాద్‌కు పంపుతాం. దాంతోపాటు ఒక కాగితం పోతుంది. రిక్విజిషన్ ఫారం అంటాం దాన్ని. ఆ రక్తం ఎవరిది, వయసెంత, ఏం మందులు వాడుతున్నారు అన్న సంగతులు హైదరాబాద్‌లో పరీక్ష చేసేవాళ్లకు ఆ కాగితం ద్వారానే తెలుస్తాయి. దాన్ని నింపేది నేను.

కరీంనగర్ డాక్టరమ్మ గోలి మాన్పించి రాజేశమన్నను పానం మీదికి తెచ్చిందని మా వాడలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. గోలి మాన్పించింది నేను. రెండేళ్లు ఆ మాటను ఆమె మీద ఉండనిచ్చింది కూడా నేనే. రాజేశమన్నను, డాక్టరును అడిగి, వాళ్లు సరేనన్న తర్వాతే ఇది రాస్తున్నాను.

రాజేశమన్నకు అప్పుడు యాభై నాలుగేళ్లు. మా సెంటరు వెనక రెండో గల్లీలో ఆయన షెడ్డు. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. నాలుగు సాంచలు అద్దెకు తీసుకుని, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నిలబడి నడిపేవాడు. భార్య సుగుణ వదినె ఇంట్లో బీడీలు చుట్టేది. మూడు నెలలుగా ఆయనకు రోజుకు అయిదారు సార్లు నీళ్ల విరేచనాలు. అప్పుడప్పుడు ముఖం ఎర్రబడి వేడెక్కేది. కరీంనగర్‌లో కడుపు డాక్టరు దగ్గరికి పోతే ఆమె పేగు పరీక్ష చేసింది. అందులో ఏమీ కనబడలేదు. అప్పుడు క్రోమోగ్రానిన్ ఎ అనే రక్తపరీక్ష రాసింది.

ఆ చీటీ పట్టుకుని ఇద్దరూ పొద్దున్నే వచ్చారు.

"సీనూ, గీ పరీచ్చ ఏందో జర సూడు."

"పరగడుపుననే వచ్చినవా అన్న?"

"చాయ్ గుడ తాగలే. మీ వదినె తాగనిస్తెనా."

"షుగర్ గోలి తప్ప ఇంకేం మందులు వాడుతలేవు గద?"

"ఏం లేవు. నాకేం రోగం?"

"రోగం లేనోడు మూన్నెల్ల సంది చెంబు వట్టుకొని ఉరుకుతడా" అంది వదినె. ముగ్గురం నవ్వుకున్నాం.

నా ప్రశ్న ఎలా ఉందో చూడండి. లేదనే జవాబును నేనే ఆయన నోటికి అందించాను. అంతటితో ఆగినా బాగుండేది. ఈ పరీక్ష ఫారంలో ఒక ప్రత్యేకమైన గడి ఉంటుంది. గడిచిన రెండు వారాల్లో కడుపులో యాసిడ్ తగ్గించే మందులేవైనా వాడారా, అవునా కాదా అని. డాక్టరు చీటీలో అలాంటి మందు కనబడలేదు. వాళ్లు మెట్లు దిగిపోయాక ఆ గడి చూశాను. పిలిచి అడిగితే వినబడేంత దూరంలోనే ఉన్నారు. పిలవకుండా 'కాదు' దగ్గర టిక్కు పెట్టాను.

ఈ పరీక్ష సంగతి నాకు తెలిసినంతలో చెబుతాను. మన కడుపులో, పేగుల్లో, క్లోమంలో, ఊపిరితిత్తుల్లో హార్మోన్లు తయారుచేసే కణాలు కొన్ని అక్కడక్కడా ఉంటాయి. వాటిలో పుట్టే గడ్డలను న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్లు అంటారు. ఆ కణాలు క్రోమోగ్రానిన్ అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. గడ్డ ఉంటే అది పెరగవచ్చు. కాబట్టి అదొక మార్కర్, అంటే గుర్తు. కానీ అది వేరే కారణాలతోనూ పెరుగుతుంది. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది. అన్నిటికన్నా మామూలు కారణం గ్యాస్ గోలి. ఆ గోలి కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుంది. తగ్గిన యాసిడ్‌ను మళ్లీ పెంచాలని శరీరం ఆ కణాలనే తరుముతుంది. అవి క్రోమోగ్రానిన్‌ను ఎక్కువగా వదులుతాయి. గడ్డ లేకుండానే నంబరు ఎగబాకుతుంది. గడ్డ ఉండి కూడా నంబరు మామూలుగా ఉండే మనుషులూ ఉన్నారు. అందుకే ఈ ఒక్క నంబరు చూసి ఎవరూ ఏదీ తేల్చరు. ఇదంతా ల్యాబు వాళ్లిచ్చిన సూచనల పుస్తకంలో ఉంది. అది నా సొరుగులోనే ఉంది. పదకొండేళ్లలో ఈ పరీక్ష రెండు మూడు సార్లకు మించి నా దగ్గరికి రాలేదు కాబట్టి ఆ పేజీ నేను చదవలేదు.

వారం తర్వాత రిపోర్టు నా ఫోనులోకి వచ్చింది. ఉండాల్సిన హద్దుకు దాదాపు అయిదు రెట్లు. ప్రింటు తీసే లోపే ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఎంతొచ్చింది తమ్మీ?"

"ఎక్కువనే వచ్చింది అన్న."

"ఎక్కువైతె ఏమైతది?"

డాక్టరుకు చూపించండి అని కాగితం చేతిలో పెట్టి పంపాల్సింది. రిపోర్టు విప్పి చెప్పడం నా పని కాదు. కానీ చిన్న ఊళ్లో ల్యాబు నడిపేవాణ్ని సగం డాక్టరులా చూస్తారు. ఆ చూపు నాకు అలవాటైపోయింది, ఇష్టం కూడా.

"ఇది గడ్డల పరీక్ష అన్న. లోపట గడ్డ ఉంటెనే గింత పెరుగుతది" అన్నాను.

వదినె కాగితం కేసి చూస్తూ అడిగింది. "గడ్డ అంటె? క్యాన్సరా?"

"మేడంను అడుగుండ్రి వదినె."

కాదు అనలేదు నేను. ఆమెకు అది చాలింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. రాజేశమన్న మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

డాక్టరు వాళ్లకు సరిగానే చెప్పింది. ఈ నంబరు ఒక్కటే చూసి ఏం చెప్పలేం, కొన్ని మందులు వాడినా పెరుగుతది, మీరేం వాడుతలేరు గద అని మరోసారి అడిగింది. షుగర్ గోలి ఒక్కటే అన్నాడు ఆయన. ఫారంలోనూ అదే ఉంది. దాంతో సీటీ స్కాన్ తీయించింది. అందులో ఏ గడ్డా కనబడలేదు. మరీ చిన్నవి సీటీకి దొరకకపోవచ్చని, ఈ రకం గడ్డలనే వెతికి పట్టుకునే వేరే స్కాన్ హైదరాబాద్‌లో ఉందని చెప్పి అక్కడికి రాసింది. మూడు వారాల తర్వాత తేదీ దొరికింది.

ఆ రోజుల్లో రాజేశమన్న రోజూ మధ్యాహ్నం మా సెంటరుకు వచ్చి కూర్చునేవాడు. పేషెంట్లు ఉంటే మాట్లాడేవాడు కాదు. లేకపోతే అడిగేవాడు.

"సీనూ, పెసరగింజంత గడ్డకు గుడ నంబరు గింత వస్తదా?"

"తెల్వదు అన్న."

"మల్ల సీటీల కనబడకపాయె. దాసుకున్నదంటవా?"

"తెల్వదు అన్న."

"నీకేం తెల్సు మల్ల? నెత్తురు గుంజుడేనా?"

ఆయనకు అన్నం సయించడం లేదు. మనిషి తగ్గిపోయాడు. తగ్గిపోవడం చూసి జబ్బు ముదురుతోందని వదినె భయపడింది. ఆమె భయం చూసి ఆయన ఇంకా తినడం మానేశాడు. ఆయన పండుకున్నప్పుడు కడుపు మీద వేళ్లతో ఒత్తి చూస్తున్నానని, ఒకచోట గట్టిగా తగులుతోందని ఆమె నాకు చెప్పింది. ఒకరోజు నేను షెడ్డుకు పోతే సాంచల మోతలో ఆయన వదినె చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. ఏ సాంచ ఎప్పుడు మొరాయిస్తుందో, దేనికి ఎక్కడ నూనె పెట్టాలో, ఏది ఏ పక్క పోగు తెంపుతుందో చూపిస్తున్నాడు. బీడీలు చుట్టే మనిషి, సాంచ దగ్గర ఎప్పుడూ నిలబడని మనిషి, చేతులు కట్టుకుని తల ఊపుతోంది. నేను పలకరించకుండానే వెనక్కి వచ్చేశాను.

తర్వాత నాలుగైదు రోజులకు, మా సెంటరులో కూర్చుని, ఛాతీ మీద అరచేత్తో రుద్దుకుని, అంగీ జేబులోంచి గోలీల షీటు తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఏం గోలి అన్న అది?"

"గ్యాస్ గోలి."

"గియ్యాల్ల ఏసుకున్నవా?"

"రోజు ఏసుకుంట. చాయ్ కన్న ముందు ఒకటి. మంట లేస్తె ఇంకోటి."

"ఎన్ని దినాల సంది?"

"ఆరేండ్లాయె. ఏ, గిదేం మందా తమ్మీ? సాంచలోళ్లలో ఏసుకోనోడు ఎవ్వడు?"

ఆయన అన్నది నిజం. వేళకు తిండి లేని పని అది. మెడికల్ షాపులో పేరు కూడా చెప్పనక్కరలేదు, గ్యాస్ గోలి అంటే ఇచ్చేస్తారు. మా దగ్గర దాన్ని ఎవరూ మందుల్లో లెక్కపెట్టరు. నేనూ జేబులో పెట్టుకు తిరిగేవాణ్నే. మా వాడలో మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే గ్యాస్ గోలి సంగతి బయటికి రాదు. దాన్ని పేరు పెట్టి అడగాలి. అలా పేరు పెట్టి అడిగేది ఫారంలో ఆ గడి ఒక్కటే. అడగకుండా నేను టిక్కు పెట్టింది దానికే.

ఆయన పోయాక సొరుగులోంచి పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. డాక్టరు సలహాతో కనీసం రెండు వారాలు ఆ గోలి ఆపాకే రక్తం తీయాలని ఉంది. డాక్టరుకు ఫోన్ చేయాలి. మేడం, ఆయన గ్యాస్ గోలి వాడుతున్నడు, నేను అడుగలే, తప్పు రాసిన, అని చెప్పాలి. ఒక్క నిమిషం పని. నంబరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. ఇంకెప్పుడూ నా సెంటరుకు ఎవరినీ పంపదని, హైదరాబాద్ వాళ్లకు తెలిస్తే సెంటరే తీసేస్తారని భయం. దానికి తోడు ఒక ఉపాయం తోచింది. గోలి మాన్పించి మళ్లీ పరీక్ష చేయిస్తే నంబరు దిగుతుంది. దిగిన రిపోర్టు చూసి అందరూ సంతోషిస్తారు. మొదటిది ఎందుకు పెరిగిందని ఎవరూ అడగరు.

మరునాడు ఆయనతో అన్నాను. "అన్న, గా గోలి రెండు వారాలు బంద్ చెయ్యాల్నట. మల్ల నెత్తురు తీసి పంపుదం. మేడం చెప్పింది."

"మేడం నీకు ఫోన్ చేసిందా?"

"ఆఁ."

"మంచి మనిషి" అన్నాడు రాజేశమన్న. "మన ఫికర్ ఉన్నది ఆమెకు."

నేను అడగనిది ఇంకొకటి ఉంది. ఆరేళ్లుగా గ్యాస్ గోలి ఎందుకు వేసుకుంటున్నాడో అడగలేదు. మోకాళ్లకు, భుజాలకు రోజూ నొప్పుల గోలి వేసుకునేవాడు. అదీ మందు కాదు ఆయన లెక్కలో. నొప్పుల గోలి కడుపు పొరను తింటుంటే, గ్యాస్ గోలి కాపాడుకొస్తోంది. నేను కాపాడేదాన్ని ఆపించాను. తినేదాన్ని వదిలేశాను. డాక్టరుకు ఫోన్ చేసి ఉంటే ఆమె ముందు అడిగేది ఆ ప్రశ్నే.

తొమ్మిదో రోజు పొద్దున వదినె ఫోన్ చేసింది. "సీనూ, మీ అన్నకు దొడ్డికి తారు లెక్క నల్లగ వోతుంది. సాంచ కాడ కండ్లు తిరిగి పడ్డడు. జర రా."

ఆయన ముఖం అన్నం వార్చిన గంజిలా తెల్లగా ఉంది. కరీంనగర్ తీసుకుపోయాం. కడుపులో పుండు పడి రక్తం కారుతోంది. నోట్లోంచి గొట్టం దింపి ఆపారు. రెండు సంచుల రక్తం ఎక్కించారు. దారి పొడుగునా ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అడిగాడు. "గడ్డ పలిగిందా సీనూ?"

సాయంత్రం డాక్టరు వార్డుకు వచ్చింది. వదినెను ఒక్కొక్కటీ అడిగి గ్యాస్ గోలి సంగతి, నొప్పుల గోలి సంగతి రెండూ రాబట్టింది.

"ఆరేండ్ల సంది వాడే గోలి ఇప్పుడెందుకు ఆపిన్రు? ఎవరు ఆపుమన్నరు?"

"మీరే గద మేడం" అంది వదినె. "సీనుకు ఫోన్ చేసి చెప్పిన్రట."

"నేనా? నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదమ్మ."

ఆమె నావైపు చూసింది. వదినె చూసింది. మంచం మీంచి రాజేశమన్న కూడా చూశాడు. చేతిలో బ్లడ్ బ్యాంకు చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏదో కమ్యూనికేషన్ గ్యాప్ అయినట్టుంది మేడం" అన్నాను.

ఆ మాటకు అర్థమేమీ లేదు. కానీ డాక్టరు చెప్పి మరిచిపోయిందని వదినె అనుకుంది. "మనిషి సచ్చేటట్టు ఆయె, నేను చెప్పలే అంటది సూడు" అని వార్డు వినేటట్టే అంది. డాక్టరు కేస్ షీటులో ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి పోయింది.

అయిదు రోజులకు ఇంటికి పంపారు. ఆ డాక్టరు ముఖం ఇక చూడం అన్నారు భార్యాభర్తలు. హైదరాబాద్ స్కాన్ తేదీ దాటిపోయింది. రెండో రక్తపరీక్షా లేదు. పుండు కోసం మళ్లీ గ్యాస్ గోలి మొదలుపెట్టారు కాబట్టి చేసినా అర్థం లేదు. మా ఊళ్లోనే ఇంకో డాక్టరుకు చూపించుకుంటూ, నొప్పుల గోలి మానేసి, ఆయన మెల్లగా మళ్లీ సాంచల దగ్గర నిలబడ్డాడు. వాడలో మాట తిరిగింది. నా ముందే ఎవరో ఆ డాక్టరును తిడితే తల వంచుకుని ట్యూబులకు పేర్లు అతికించేవాణ్ని. మనిషి బతికాడు కదా, అయిపోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అలా రెండేళ్లు. 2024 ఎండాకాలంలో వదినె ఒక్కతే తన షుగరు చూపించుకోవడానికి వచ్చింది. సూది తీసి దూది పెడుతుంటే గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ, మీ అన్నకు తెల్వకుంట ఒక పని జేస్తవా? ఆయన షుగర్ పరీచ్చకు వచ్చినప్పుడు గదే నెత్తురుల గడ్డ నంబరు గుడ సూడు. ఎంతదాక పెరిగిందో నాకొక్కదానికి చెప్పు."

"ఏ గడ్డ వదినె?"

"ఏ గడ్డ ఏంది? గప్పుడు నువ్వు చెప్పిందే. ఆయనెన్నడు దాని పేరు ఎత్తడు. నేను ఎత్త. కడుపునొప్పి అంటె ఇద్దరం ఒకల మొకం ఒకలం సూసుకోం."

అయిపోయిందని నేను అనుకున్నది వాళ్లింట్లో ఒక్కరోజు కూడా అయిపోలేదు. ఆ నంబరు వెనక ఇంకో కారణం ఉండొచ్చని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు. చెప్పగలిగిన డాక్టరును నేనే వాళ్లకు దూరం చేశాను.

ఆమె ముందు స్టూలు లాక్కుని కూర్చుని అంతా చెప్పాను. టిక్కు, గోలి, చేయని ఫోను, వార్డులో నా మాట. ఆమె దూదిని మోచేతి మడతలో అలాగే నొక్కి పట్టుకుంది. చివరికి అడిగింది.

"అంటె మొదాలు నుంచే గడ్డ లేదా?"

లేదు అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. గడ్డ ఉంటెనే పెరుగుతది అని ఇదే నోటితో చెప్పినవాణ్ని. "గోలి వల్ల పెరిగి ఉండొచ్చు వదినె. ఉన్నదా లేదా అనేది మేడమే చెప్పాలె. నేను వెంబడి వస్త. ముందుగాల ఆమెకు నేను చెప్పుకోవాలె."

వదినె ఇంటికి పోయి రాజేశమన్నకు చెప్పింది, ముగ్గురం కరీంనగర్ పోయాం. డాక్టరు మొత్తం విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క ఫోన్ చేసుంటె గా రిపోర్టునే పక్కకు పెడుతుంటి. గోలి ఎట్ల ఆపాలో నేను చూసుకుంటుంటి. వార్డుల గుడ మీరున్నరు." నేను క్షమించమన్నాను. ఆమె రాజేశమన్న వైపు తిరిగి, పాత కాగితాలు తియ్యండి అంది.

పుండు మానిందని గొట్టం వేసి చూసుకున్నాక, ఆ గోలి బదులు క్రోమోగ్రానిన్‌ను అంతగా కదిలించని వేరే రకం యాసిడ్ మందు ఇచ్చింది. రెండు వారాలు తన కనుసన్నల్లోనే ఉంచి మళ్లీ రక్తపరీక్ష చేయించింది, స్కాన్ కూడా తీయించింది. రక్తం నా దగ్గర తీయడానికి వదినె ఒప్పుకోలేదు. నేనూ అడగలేదు. షుగర్ గోలి రకం మార్చాక, రెండేళ్లుగా పూర్తిగా వదలని విరేచనాలు కట్టాయి. వాటికి చాలావరకు అదే కారణమై ఉంటుందని డాక్టరు అంది. రిపోర్టు రోజు నన్నూ లోపలికి పిలిచింది.

"నంబరు హద్దులనే ఉన్నది. అప్పటి సీటీల ఏం లేదు, ఇప్పటి స్కాన్‌ల ఏం లేదు. రెండేండ్లల్ల బరువు గుడ తగ్గలే. గడ్డ ఉన్నదనే అనుమానం నాకైతె లేదు."

వదినె ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది.

బయట వరండాలో రాజేశమన్న బెంచీ మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయనే మాట మొదలుపెట్టాడు.

"నీ ముందటనే కూసోని గోలి ఏసుకున్న గద సీనూ. గప్పుడే ఒక్క ముచ్చట చెప్తె ఏమాయె?"

"భయపడ్డ అన్న."

"నేను గుడ భయపడ్డ" అన్నాడు. "నువ్వు నీ దుకాణం పోతదని. నేను పానం పోతదని."

వదినె పిలిస్తే లేచి పోయాడు.

ఇప్పుడు మా సెంటరుకు ఎవరొచ్చినా గ్యాస్ గోలిని, నొప్పుల గోలిని పేరు పెట్టి అడుగుతాను. జేబులు చూపించమంటే కొందరు నవ్వుతారు, కొందరు కసురుకుంటారు. పని విషయంలో నేర్చుకున్నది అదీ. అది తేలికే, ఏ పుస్తకమైనా నేర్పుతుంది. తప్పు చేశానని తెలిసిన ఆ మధ్యాహ్నం నేను కాపాడుకోవాలని చూసింది నన్ను. ఆ రోజుల్లోనే రెండు గల్లీల అవతల ఒక మనిషి తన పెండ్లానికి సాంచలు అప్పగిస్తున్నాడు.